కరవు పీఠభూమిపై కార్ల కర్మాగారం: నీరు, నేల, లవణాల లెక్క

సంగ్రహం

అనంతపురం వంటి అల్ప వర్షపాత ప్రాంతంలో భారీ పరిశ్రమ నెలకొన్నప్పుడు దాని పర్యావరణ నిర్వహణను అంచనా వేయడం కాలుష్య నియంత్రణ మండలికే పరిమితమైన పని కాదు. చుట్టుపక్కల గ్రామాల రైతులు తమ సందేహాలను ముందుగా అడిగేది వ్యవసాయ శాస్త్రవేత్తలనే. పెనుకొండ సమీపంలోని కియా కార్ల కర్మాగారాన్ని సందర్భంగా తీసుకొని, కార్ల తయారీలో నీటి వినియోగం, వ్యర్థజల శుద్ధి, ద్రవ విసర్జన రహిత విధానం, శుద్ధజల పునర్వినియోగం అనే అంశాలను నేల శాస్త్ర దృష్టితో ఈ వ్యాసం వివరిస్తుంది. విస్తరణ శాస్త్రవేత్తలు పరిశీలించవలసిన పత్రాలను, చేపట్టవలసిన పరీక్షలను సూచిస్తుంది.

నేపథ్యం

ఉమ్మడి అనంతపురం జిల్లా దేశంలో అత్యల్ప వర్షపాతం పొందే జిల్లాల్లో ఒకటి. సాలుసరి సగటు వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. వాతావరణం నేల నుంచి, పైరు నుంచి పీల్చుకోగల తేమ దీనికి మూడు రెట్లకు పైగా ఉంటుంది. సాగుభూమిలో అధికభాగం ఎర్ర నేలలు. వీటి లోతు తక్కువ, నీటిని పట్టి ఉంచే శక్తి తక్కువ, వాన వెలిసిన వెంటనే పైపొర గట్టిపడే స్వభావం ఎక్కువ. వేరుశనగ ఇక్కడి ప్రధాన పంట. అడుగున గ్రానైటు, నైస్ వంటి కఠిన శిలలు ఉండడం వల్ల భూగర్భజలం శిలల పగుళ్లలోనూ, శిథిల శిలాపొరలోనూ మాత్రమే నిలుస్తుంది. నేలమీద పడినదేదైనా ఆ పలుచని నిల్వలోకి చేరడానికి ఎంతో కాలం పట్టదు.

ఇటువంటి భూమిపై పరిశ్రమల భారం ఒకే తీరున ఉండదు. తాడిపత్రి ప్రాంతంలో సిమెంటు కర్మాగారాలు, నాపరాయి కోత, పాలిష్ యూనిట్లు ఉన్నాయి. అక్కడ ప్రధాన సమస్య ధూళి, సున్నపురాతి పొడి కలిసిన బురద. ఆ బురద పొలంలో పేరుకొంటే నేల రంధ్రాలు మూసుకుపోతాయి, క్షారత పెరుగుతుంది. అయితే అది కంటికి కనిపించే కాలుష్యం. కార్ల కర్మాగారం విషయం వేరు. దాని భారం ముఖ్యంగా నీటిలో కరిగి ఉంటుంది. పరీక్షాఫలితం చేతిలో లేనివారికి అది కనిపించదు.

కర్మాగారం, నీటి వనరు

దక్షిణ కొరియాకు చెందిన కియా సంస్థ 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో అవగాహన ఒప్పందం కుదుర్చుకున్నది. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద 536 ఎకరాల్లో, సుమారు 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏటా 3 లక్షల వాహనాల సామర్థ్యంతో కర్మాగారం నిర్మితమైంది. 2019లో ఉత్పత్తి ప్రారంభమైంది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో ఈ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది.

కర్మాగారానికి నీటి ఆధారం గొల్లపల్లి జలాశయం. శ్రీశైలం జలాశయపు వెనుక జలాల నుంచి కృష్ణా నీటిని దశలవారీగా ఎత్తిపోసే హంద్రీ-నీవా సుజల స్రవంతి పథకంలో ఇది ఒక భాగం. దీని నిల్వ సామర్థ్యం సుమారు 1.91 టి.ఎం.సి. పథకం మొత్తానికి నిర్దేశించిన జలాలు 40 టి.ఎం.సి., లక్షిత ఆయకట్టు 6 లక్షల ఎకరాలకు పైచిలుకు. అంటే కర్మాగారమూ, కరవు రైతూ ఒకే కాలువ నీటి కోసం ఎదురుచూస్తారు. పరిశ్రమ పర్యావరణ నిర్వహణ వ్యవసాయ విషయంగా మారేది ఇక్కడే.

కర్మాగారంలో నీటిని నూరు శాతం పునర్వినియోగిస్తున్నట్లు సంస్థ ప్రకటించింది. ఈ మాట అర్థమేమిటి, దీని పరిధి ఎంత, దీనిలో చేరనిది ఏది అన్న ప్రశ్నలకు సమాధానం తెలిసినప్పుడే దాన్ని సరిగా చదవగలుగుతాం.

ఎంత నీరు?

ముందుగా పరిమాణాన్ని సరైన కొలతలో చూడాలి. ఒక టి.ఎం.సి. అంటే సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. లెక్క కోసం ఒక్కొక్క కారుకు 3 ఘనపు మీటర్ల కొత్త నీరు పడుతుందని అనుకుందాం. పూర్తి సామర్థ్యంతో 3 లక్షల కార్లు తయారైతే ఏడాదికి 9 లక్షల ఘనపు మీటర్లు కావాలి. ఇది 0.032 టి.ఎం.సి.; గొల్లపల్లి జలాశయం పూర్తి నిల్వలో 1.7 శాతం. యాసంగి వేరుశనగకు హెక్టారుకు 500 మి.మీ., అనగా 5,000 ఘనపు మీటర్ల తడి అవసరమనుకుంటే, ఆ నీరు 180 హెక్టార్లకు, సుమారు 445 ఎకరాలకు సరిపోతుంది.

ఈ అంకెల నుంచి రెండు విషయాలు గ్రహించవచ్చు. కార్ల కర్మాగారం జలాశయాన్ని ఎండగడుతుందన్న భయానికి ఇటువంటి లెక్కలో ఆధారం దొరకదు. అదే సమయంలో 445 ఎకరాల తడి అంటే ఒక గ్రామం బతుకు. నిండిన ఏడాదిలో 1.7 శాతంగా కనిపించే భాగం, జలాశయంలో పదో వంతు నీరే నిలిచిన ఏడాదిలో 17 శాతమవుతుంది. పరిశ్రమ అవసరం ఏడాది పొడవునా ఒకే తీరున ఉంటుంది. సేద్యపు నీరు మాత్రం మిగిలితేనే వస్తుంది. కాబట్టి చర్చించవలసింది సగటు ఏడాది వాటా గురించి కాదు, కరవు ఏడాదిలో ఎవరి కోత ఎంత అన్నదాని గురించి. ఒక్కొక్క వాహనానికి వాడే కొత్త నీటిని ఏటేటా తగ్గించుకోవడం సంస్థ చేయగలిగిన అసలైన మేలు. పునర్వినియోగ శాతం కంటే ఈ కొలత విశ్వసనీయమైనది.

వాననీటి సేకరణకూ ఇదే దృష్టి అవసరం. 100 ఎకరాల పైకప్పు మీద 550 మి.మీ. వాన కురిస్తే, 80 శాతం పట్టుకోగలిగినా సుమారు 1.78 లక్షల ఘనపు మీటర్లు లభిస్తాయి. పై లెక్కలోని అవసరంలో ఇది అయిదో వంతు. అయితే రాయలసీమలో చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. ఎగువన పట్టిన ప్రతి చుక్కా దిగువ చెరువుకు చేరవలసిన వాగునీటి లెక్కలోనిదే కావచ్చు. కాంక్రీటు పరచిన నేల నుంచి వరద ప్రవాహం పెరుగుతుంది గనుక, ఆ పెరిగిన భాగాన్ని పట్టుకోవడం లాభం. సహజంగా దిగువకు పారే భాగాన్ని వదలడం న్యాయం. ఈ రెండింటినీ వేరుచేసి చూపే జలలెక్క ప్రతి పారిశ్రామికవాడకూ ఉండాలి.

వ్యర్థజలం పుట్టే చోటు

కారు తయారీలో నాలుగు ప్రధాన విభాగాలు ఉంటాయి: ఉక్కు రేకులను అచ్చులో నొక్కడం, వాటిని వెల్డింగుతో అతకడం, రంగు వేయడం, భాగాలను కూర్చడం. నీటి కాలుష్యం దృష్టితో చూస్తే బరువంతా రంగుల విభాగం మీదనే ఉంటుంది.

అతికిన కారు దేహాన్ని మొదట క్షార ద్రావణంతో కడిగి నూనె, గ్రీజు తొలగిస్తారు. ఈ ద్రావణాల్లో సోడియం లవణాలు ఉంటాయి. తరువాత జింకు ఫాస్ఫేటు తొట్టిలో ముంచుతారు. రంగు గట్టిగా పట్టడానికీ, తుప్పు నిరోధానికీ ఉపకరించే ఈ పొరలో జింకుతో పాటు సాధారణంగా నికెల్, మాంగనీసు కూడా ఉంటాయి. ప్రతి తొట్టి తరువాతా శుభ్రమైన నీటితో కడుగుతారు. ఆపై విద్యుత్ పద్ధతిలో తొలి రంగుపొర, దానిపై మిగిలిన పొరలు వేస్తారు. చిమ్మిన రంగులో కారుకు అంటనిది నీటి తెరలో చిక్కి మడ్డిగా మారుతుంది. రంగులోని ద్రావకాల ఆవిరిని గాలిలోకి వదలకుండా కాల్చివేసే ఏర్పాట్లు ఆధునిక కర్మాగారాల్లో ఉంటాయి.

ఈ విధంగా మూడు రకాల వ్యర్థాలు పుడతాయి: లోహాలు, ఫాస్ఫేటు, సోడియం ఉన్న కడుగునీరు, ఫాస్ఫేటు మడ్డి, రంగు మడ్డి, కార్మికుల భోజనశాలలు, మరుగుదొడ్ల నుంచి వచ్చే మురుగునీరు. వీటిని మొదటి నుంచీ వేర్వేరుగా ఉంచడం మంచి నిర్వహణకు తొలి గుర్తు. మురుగునీటిని శుద్ధి చేసి మొక్కలకు వాడవచ్చు. దానిలో లోహపు నీరు కలిస్తే ఆ అవకాశం పోతుంది.

ద్రవ విసర్జన రహిత విధానం: ఉప్పు ఎక్కడికి పోతుంది?

కడుగునీటికి సున్నం కలిపి ఉదజని సూచికను 9 నుంచి 10 వరకు పెంచితే జింకు, నికెల్ వంటి లోహాలు హైడ్రాక్సైడ్లుగా అడుగుకు దిగుతాయి. ఆ మడ్డిని వడకట్టి తీస్తారు. మిగిలిన నీటిని జీవశుద్ధికి, తరువాత ఇసుక, బొగ్గు వడపోతలకు పంపుతారు. అయినా కరిగిన సోడియం, క్లోరైడు, సల్ఫేటు లవణాలు తగ్గవు. వాటిని వేరుచేయడానికి రివర్స్ ఆస్మాసిస్ పొరలు కావాలి. పొరను దాటిన మంచినీరు కర్మాగారంలోకి తిరిగి వెళుతుంది. దాటని ఉప్పునీటిని ఆవిరి యంత్రాల్లో మరిగించి పొడి లవణంగా మారుస్తారు. బయటికి చుక్క నీరు వదలని ఈ పద్ధతినే ద్రవ విసర్జన రహిత విధానం అంటారు.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన సూత్రం ఒకటి ఉంది. నీరు తిరిగి వాడుకలోకి వస్తుంది. ఉప్పు మాయం కాదు. ఒక ఉదాహరణ చూద్దాం. లీటరుకు 2,000 మిల్లీగ్రాముల లవణాలు గల 100 ఘనపు మీటర్ల నీరు రోజూ శుద్ధికి వస్తే, దానిలో 200 కిలోల ఉప్పు ఉంటుంది. పొరల ద్వారా 75 ఘనపు మీటర్ల మంచినీరు వస్తే, మిగిలిన 25 ఘనపు మీటర్లలో లవణసాంద్రత నాలుగింతలై లీటరుకు సుమారు 8,000 మిల్లీగ్రాములకు చేరుతుంది. దానిని ఆవిరి చేస్తే దాదాపు ఆ 200 కిలోలూ పొడిగా మిగలాలి. 300 పనిదినాలకు అది 60 టన్నులు.

పర్యవేక్షణకు ఇంతకంటే సులభమైన సాధనం లేదు. శుద్ధికేంద్రంలోకి ప్రవేశించిన నీటి పరిమాణం, దాని లవణసాంద్రత తెలిస్తే ఏడాదికి ఎన్ని టన్నుల ఉప్పు సంచుల్లోకి ఎక్కాలో లెక్కకట్టవచ్చు. సురక్షిత పాతర కేంద్రానికి పంపిన రవాణా పత్రాల్లోని అంకె దానికి దగ్గరగా ఉంటే వ్యవస్థ పనిచేస్తున్నట్లు. రెండింటికీ పెద్ద తేడా ఉంటే ఆ ఉప్పు మరో దారిన, బహుశా మొక్కల తడిలోనో, వాననీటి కాలువలోనో, బయటికి పోతున్నదేమోనని ప్రశ్నించాలి.

ఈ విధానానికి మూల్యం కూడా ఉంది. ఒక ఘనపు మీటరు నీటిని ఒకేసారి మరిగించి ఆవిరి చేయాలంటే సుమారు 630 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన వేడి అవసరం. ఒక దశ ఆవిరిని తరువాతి దశలో వాడుకొనే బహుళదశ యంత్రాలు ఈ ఖర్చును ఎంతగానో తగ్గిస్తాయి, కానీ పూర్తిగా తొలగించలేవు. అందువల్ల ఆవిరి యంత్రం చివరి మెట్టు కావాలే గాని మొదటి మెట్టు కారాదు. కడుగునీటిని వెనుక తొట్టి నుంచి ముందు తొట్టికి ఎదురుగా పారించి మళ్లీ మళ్లీ వాడడం, రసాయనాల మోతాదు తగ్గించడం, నికెల్ లేని పూతలకు మారడం వంటివి ముందు జరగవలసిన పనులు.

ప్రమాణాల్లోని ఖాళీ

1986 నాటి పర్యావరణ పరిరక్షణ నిబంధనల ఆరవ షెడ్యూలులో సాధారణ విసర్జన ప్రమాణాలున్నాయి. వాగులు, నదుల వంటి ఉపరితల జలాల్లోకి వదిలే నీటిలో నికెల్ లీటరుకు 3 మిల్లీగ్రాములు, జింకు 5 మిల్లీగ్రాములు మించరాదు. అదే పట్టికలో సేద్యానికి నేలపై వదిలే నీటికి ప్రత్యేకమైన వరుస ఉంది. జీవరసాయన ఆక్సిజన్ అవసరం 100, తేలియాడే ఘనపదార్థాలు 200, నూనె-గ్రీజు 10 మిల్లీగ్రాములుగా అందులో పరిమితులున్నాయి. నికెల్, జింకులకు మాత్రం ఆ వరుసలో అంకె లేదు.

సేద్యపు నీటి నాణ్యతపై ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ 1985లో ప్రచురించిన మార్గదర్శకాల ప్రకారం దీర్ఘకాలం వాడే నీటిలో నికెల్ 0.2, జింకు 2, మాంగనీసు 0.2 మిల్లీగ్రాములు మించకూడదు. అంటే ఉపరితల జలాల ప్రమాణాన్ని సంతృప్తిపరచిన నీటిలో కూడా పంటకు సూచించిన పరిమితికి 15 రెట్ల నికెల్ ఉండవచ్చు. వాగులో వదిలిన నీరు పలుచనై కొట్టుకుపోతుందన్న ఊహ మీద మొదటి ప్రమాణం నిలబడింది. పొలంలో వదిలిన లోహం కదలదు, ఏటేటా పేరుకొంటుంది. కాబట్టి 'పరిమితులకు లోబడి ఉన్నది' అన్న నివేదికను చూసినప్పుడు ఏ వరుసలోని పరిమితికి లోబడి ఉన్నదని అడగడం వ్యవసాయ శాస్త్రవేత్త బాధ్యత.

మడ్డి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఈ ప్రాంతపు నేలల్లో జింకు లోపం తరచుగా కనిపిస్తుంది. ఫాస్ఫేటు మడ్డిలో భాస్వరమూ, జింకూ రెండూ ఉంటాయని విన్న రైతుకు అది ఉచితంగా దొరికే ఎరువుగా తోచవచ్చు. అది ఎరువు కాదు. నికెల్, నూనెలు కలిసిన ఆ మడ్డి 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల జాబితాలో ఉన్న పదార్థం. దానిని పొలంలో వేయడం నేలకు హాని, చట్టవిరుద్ధం.

హరితవలయం, ఎర్ర నేల

శుద్ధి చేసిన మురుగునీటిని కర్మాగారపు చెట్లకు, పచ్చికకు వాడడం సర్వసాధారణమైన పద్ధతి. పరిశ్రమ స్థలంలో 33 శాతం హరితవలయం ఉండాలన్న షరతు తరచుగా వింటాం. 536 ఎకరాల్లో అది సుమారు 177 ఎకరాలు, అంటే 71 హెక్టార్లకు పైన. ఈ నీటి విద్యుత్ వాహకత మీటరుకు 1 డెసిసైమన్ అనుకుంటే లీటరుకు సుమారు 640 మిల్లీగ్రాముల లవణం ఉన్నట్లు. ఏడాదికి 500 మి.మీ. తడి ఇస్తే హెక్టారుకు 3.2 టన్నుల ఉప్పు నేలకు చేరుతుంది. 71 హెక్టార్లకు అది సుమారు 227 టన్నులు. మంచి నీరని పిలిచే నీటి లెక్కే ఇది.

వేరుశనగ నేల ద్రావణపు వాహకత 3.2 డెసిసైమన్ల వరకు దిగుబడి నష్టం లేకుండా తట్టుకుంటుంది. ఆ పైన ప్రతి డెసిసైమన్‌కూ దిగుబడి సుమారు 29 శాతం పడిపోతుంది. 4.9 దగ్గర సగం పంట పోయినట్లే. వేరు మండలంలో లవణాలు ఈ హద్దు దాటకుండా ఉండాలంటే, 1.5 డెసిసైమన్ల నీటితో తడి ఇచ్చేటప్పుడు పైరు అవసరానికి మించి సుమారు పదో వంతు నీటిని కిందికి దిగనివ్వాలి. 2.5 డెసిసైమన్ల నీరైతే దాదాపు అయిదో వంతు. ఇసుక పాలు ఎక్కువైన ఎర్ర నేలల్లో ఈ కడుగుడు కష్టం కాదు. అయితే కడిగిన ఉప్పు కఠిన శిలపై నిలిచిన పలుచని భూగర్భజలంలోకి చేరుతుంది. పక్క పొలంలోని బోరుబావి మళ్లీ ఆ నీటినే పైకి తోడుతుంది. నేలను కాపాడిన చర్య బావిని పాడు చేసే ప్రమాదం ఈ విధంగా ఏర్పడుతుంది.

సోడియం తెచ్చే ముప్పు మరో రకం. వేసవిలో సోడియం అధికంగా ఉన్న నీటితో తడిపిన నేలపై తొలకరి వాన పడినప్పుడు లవణసాంద్రత ఒక్కసారిగా తగ్గుతుంది. అప్పటివరకు ఉప్పు బిగించి ఉంచిన బంకమట్టి కణాలు విడిపోయి రంధ్రాలను మూసివేస్తాయి. స్వతహాగా గట్టిపడే ఎర్ర నేల పైపొర మరింత బిగుసుకుంటుంది. విత్తిన వేరుశనగ మొలక దానిని చీల్చుకొని రాలేదు. వాన కూడా లోపలికి ఇంకక పారిపోతుంది. కాబట్టి వాహకత ఒక్కటే చూసి నీరు బాగుందనడం సరికాదు. సోడియం అధిశోషణ నిష్పత్తినీ, అవశేష సోడియం కార్బొనేటునూ కలిపి చూడాలి. అవశేష సోడియం కార్బొనేటు లీటరుకు 2.5 మిల్లీ తుల్యాంకాలు దాటిన నీరు జిప్సం వంటి సవరణ లేకుండా సేద్యానికి పనికిరాదు.

నిర్వహణ వ్యవస్థ, పత్రాలు

పర్యావరణ నిర్వహణకు పరిశ్రమలు సాధారణంగా ఐఎస్ఓ 14001 ప్రమాణాన్ని అనుసరిస్తాయి. తమ కార్యకలాపాల్లో పర్యావరణంపై ప్రభావం చూపేవాటిని గుర్తించడం, లక్ష్యాలు పెట్టుకోవడం, అమలు, తనిఖీ, సవరణ అనే చక్రం దీని సారాంశం. ఇది ఒక పద్ధతికి ఇచ్చే ధ్రువపత్రం మాత్రమే. బయటికి వచ్చిన నీటి నాణ్యతకు హామీ కాదు.

హామీని వెతకవలసింది చట్టబద్ధ పత్రాల్లో. 1974 నాటి జల చట్టం, 1981 నాటి వాయు చట్టం కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే స్థాపన, నిర్వహణ అనుమతుల్లో నీటి పరిమాణం, విసర్జన మార్గం, మడ్డి గమ్యం వంటి షరతులుంటాయి. ప్రతి ఆర్థిక సంవత్సరానికీ సెప్టెంబరు 30 లోగా పరిశ్రమ సమర్పించే పర్యావరణ ప్రకటనలో ఒక్కొక్క ఉత్పత్తికి వాడిన నీరు, విడుదలైన కాలుష్యాలు, ప్రమాదకర వ్యర్థాల పరిమాణం నమోదవుతాయి. పైన చెప్పిన ఉప్పు లెక్కకు కావలసిన అంకెలలో అధికభాగం ఈ పత్రం నుంచే లభిస్తుంది.

విస్తరణ శాస్త్రవేత్తల కర్తవ్యం

మొదటిది ఆధార సమాచారం. పరిశ్రమకు ఎగువన, దిగువన స్థిరమైన పరిశీలన స్థలాలను ఎంచుకొని 0-15, 15-30, 30-60 సెం.మీ. లోతుల్లో మట్టి నమూనాలు తీయాలి. తొలకరికి ముందు మే నెలలో ఒకసారి, వానలు వెనుదిరిగాక డిసెంబరులో మరొకసారి తీస్తే లవణాల పేరుకుదలనూ, వాన కడిగిన తీరునూ వేరుగా చూడవచ్చు. అదే రోజుల్లో సమీప బోరుబావుల నీటినీ పరీక్షించాలి. వాహకత, ఉదజని సూచిక, సోడియం, కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేటు, క్లోరైడు ప్రతిసారీ చూడాలి. నికెల్, జింకు, మాంగనీసు ఏడాదికొకసారి చాలు.

ఎగువ స్థలాలు తప్పనిసరి. ఈ జిల్లాలోని అనేక బావుల్లో సహజంగానే బైకార్బొనేటు, ఫ్లోరైడు ఎక్కువ. ఎగువ నమూనా లేకపోతే శిల నుంచి వచ్చిన దోషాన్ని పరిశ్రమకు అంటగట్టే ప్రమాదం ఉంది. పరిశ్రమ నుంచి వచ్చిన దోషాన్ని శిల మీదికి నెట్టే అవకాశమూ అంతే ఉంది.

రెండవది సలహా. శుద్ధి చేసిన నీటిని పొలానికి పెట్టుకోవచ్చా అని రైతు అడిగినప్పుడు, ఆ నీరు మురుగు శుద్ధికేంద్రానిదా, రంగుల విభాగానిదా అన్నది ముందుగా తేల్చాలి. రంగుల విభాగపు నీరైతే సలహా ఒక్కటే: వద్దు. మురుగు శుద్ధికేంద్రపు నీరైతే, అనుమతి పత్రంలో అవకాశం ఉండి, మూడు వేర్వేరు నెలల పరీక్షాఫలితాలు బాగున్నప్పుడు మాత్రమే పశుగ్రాసానికో, చెట్లకో మొదలుపెట్టవచ్చు. వేరుశనగ కాయ నేలలోనే ఊరుతుంది గనుక దానికి ఇటువంటి నీటిని వాడకపోవడమే మేలు. ఆకుకూరల విషయంలోనూ అంతే. చిక్కుడు జాతి కూరగాయలు ఒక డెసిసైమన్ వద్దనే దెబ్బతినడం మొదలవుతుంది గనుక పరిశీలన మడుల్లో వాటిని సూచిక మొక్కలుగా పెంచవచ్చు.

మూడవది నమోదు. ఇచ్చిన ప్రతి సలహాతో పాటు దానికి ఆధారమైన పరీక్ష సంఖ్య, తేదీ రాసి ఉంచాలి. లవణం పదేళ్లలో చేసే పనిని రెండేళ్ల పరిశోధన పథకం పట్టుకోలేదు. శాస్త్రవేత్తలు బదిలీ అవుతారు; పుస్తకంలోని అంకె నిలుస్తుంది.

ముగింపు

పరిశ్రమ పర్యావరణ నిర్వహణను ప్రకటనల మీద గాని, అనుమానాల మీద గాని అంచనా వేయరాదు. లోపలికి వచ్చిన నీరు, బయటికి పోయిన ఉప్పు, నేలలో నిలిచిన లోహం అనే మూడు లెక్కలు సరిపోతే పరిశ్రమ తన బాధ్యత నెరవేర్చినట్లు. సరిపోకపోతే ఆ లోటును మొదట గుర్తించగలవారు పొలంలో తిరిగే వ్యవసాయ శాస్త్రవేత్తలే. అనంతపురం పీఠభూమిలో నేల లోతు తక్కువ, నీటి నిల్వ పలుచన. పొరపాటును పలుచబరచి సర్దుకోగల ప్రకృతి ఇక్కడ లేదు. అందుకే ఈ పరీక్షలు నష్టం కనిపించాక కాక, నష్టం లేదని అందరూ అనుకుంటున్నప్పుడే మొదలుకావాలి.